ముప్పై రెండు పిస్తోలు, నా పొట్టి స్టూలు

నా తలలో ఇంకా ఒక్క తెల్ల వెంట్రుక రాలేదు. అయినా రిటైరయ్యాను. మా ఆయన ప్రకాశానికి వర్జీనియాలో హెర్న్‌డన్ దగ్గర ఉద్యోగం వచ్చింది, ఈ నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేస్తున్నాం. అక్కడ మళ్ళీ ఈ పని దొరుకుతుందో లేదో తెలీదు. దొరికినా ఇలాంటి యజమాని దొరకడు. అందుకే రిటైర్మెంటు అంటున్నాను.

నా పని తుపాకుల రిపేరు షాపులో. డెబ్బైల చివర్లో చేరాను, ఇప్పుడు ఎనభైల్లో సగం దాటాక మానేశాను. ఈ మాట చెప్తే మా తెలుగు చర్చిలో కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తారు. తర్వాత కాఫీ దగ్గర పక్కకి వచ్చి, "అక్కా, నిజంగానా? నాకూ పదో తరగతే, నాకూ ఏదైనా పని దొరుకుతుందా?" అని మెల్లిగా అడుగుతారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. తుపాకులంటే భయమున్నవాళ్ళు కూడా చదవచ్చు, ఇందులో ఎవరికీ ఏమీ కాదు.

లాండ్రీలో దొరికిన ఉద్యోగం

మాది నరసాపురం దగ్గర. మా ఇంట్లో అమ్మ, పిన్ని, నేను అందరం లేసు అల్లేవాళ్ళం. నాకు చదువు అబ్బలేదు గానీ కొక్కెం సూది మాత్రం చేతిలో ఆగేది కాదు. పెళ్ళయి ఇక్కడికొచ్చాక, నేపర్‌విల్ దాటి కొంచెం దూరంలో ఒక అపార్ట్‌మెంటులో దిగాం. అందులో వాషింగ్ మెషిన్ లేదు. వారానికోసారి బట్టల మూట మోసుకుని రోడ్డు మీది లాండ్రీకి వెళ్ళేదాన్ని. బట్టలు తిరుగుతున్నంతసేపూ లేసు అల్లుకుంటూ కూర్చునేదాన్ని.

ఒకరోజు ఎదురు బెంచీ మీద ఒక పెద్దాయన తన బట్టల వైపు చూడకుండా నా వేళ్ళ వైపే చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన లేచి వచ్చి, "చూడకుండానే చేస్తావా?" అన్నాడు. నాకు అప్పటికి వచ్చిన ఇంగ్లీషంతా కలిపి "నో లుక్" అన్నాను. ఆయన జేబులోంచి దారప్పోగంత సన్నటి స్ప్రింగు తీసి నా అరచేతిలో పెట్టి, "దీన్ని కింద పడేస్తే వెతగ్గలవా?" అన్నాడు. నేను దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పి, ఒక కొస వంకర తిరిగి ఉందని సైగ చేసి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "అయ్య బాబోయ్" అన్నట్టు ఏదో అన్నాడు.

ఆయన పేరు స్టాన్. లాండ్రీ పక్క తలుపే ఆయన షాపు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు తిరుగుతున్నాయి, పెద్ద తుపాకుల పని చేయగలడు గానీ చిన్నవాటి దగ్గర వేళ్ళు మొరాయిస్తున్నాయి. మా ఆయనకి చెప్తే, "తుపాకుల షాపులోనా? నువ్వు సీమటపాకాయ అంటేనే చెవులు మూసుకుంటావు కదే!" అన్నాడు. తుపాకులు ముట్టుకోవాలంటే రాష్ట్రం ఇచ్చే కార్డు ఉండాలి, అది వచ్చేదాకా ఆగి, వచ్చిన సోమవారమే పనిలో చేరాను.

అసలు పని ఏమిటంటే

సినిమాల్లో చూసినట్టు ఉండదు. రోజంతా మట్టి, జిడ్డు, తుప్పు. ఆయన దగ్గరికి వచ్చేవి ఎక్కువగా తాతలనాటి తుపాకులు. అందులో నాకు నచ్చినవి జేబు పిస్తోళ్ళు. అరచేతిలో ఇమిడిపోతాయి. కొన్ని మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు యూరప్‌లో చేసినవి. వాటి లోపలి భాగాలు ఎంత పొందిగ్గా అమరుతాయంటే, ఏ మనిషి కూర్చుని ఆలోచించాడో అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఒక రైతు తెచ్చిన పిస్తోలులో ట్రిగ్గరు స్ప్రింగు ఉండాల్సిన చోట బాల్‌పెన్ను స్ప్రింగు ఉంది. స్టాన్ దాన్ని పట్టకారతో పైకెత్తి, "దీనితో సంతకం చేస్తావా, కాలుస్తావా?" అని అడిగాడు. ఆ రైతు ఏమాత్రం సిగ్గుపడకుండా, "పదేళ్ళు పని చేసిందిగా" అన్నాడు. మరి చేసింది కదా! ఇలాంటివి చూసినప్పుడు తిట్టాలో మెచ్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలీదు.

స్టాన్ నాకు మొదట నేర్పింది ఒకటే. ఎవరు ఏ తుపాకీ ఇచ్చినా, ఖాళీదేనని వాళ్ళు ఒట్టు పెట్టినా, ముందు గొట్టం గోడ వైపు తిప్పి, తెరిచి, కళ్ళతో చూసి, తర్వాత వేలు పెట్టి తడమాలి. చూడ్డం ఒక్కటే చాలదు. ఒకసారి ఒక పాస్టరుగారు ఇచ్చిన దాన్ని మొహమాటానికి తడమకుండా బల్ల మీద పెట్టాను. స్టాన్ దాన్ని తీసి, తెరిచి, లోపలున్న తూటా నా టీ కప్పు పక్కన నిలబెట్టాడు. పాస్టరుగారి మొహం పాలిపోయింది. నాది కూడా. ఆ రోజు నుంచి మొహమాటం గుమ్మం బయటే విడిచి వస్తున్నాను.

రెండో పని తూటాలు మళ్ళీ నింపడం. పేలిన తూటాలో ఇత్తడి గొట్టం మిగులుతుంది. దాన్ని పారేయకుండా కడిగి, తోమే డ్రమ్ములో తిప్పి, మెరిపించి, కొలతకి సరిచేసి, అడుగున కొత్త ప్రైమరు బిళ్ళ నొక్కి, మందు పోసి, పైన గుండు బిగిస్తే మళ్ళీ తూటా అవుతుంది. పాత పిస్తోళ్ళు వయసు మళ్ళిన మనుషుల్లాంటివి, వాటికి సరిపడేలా మెత్తటి తూటాలు చేయడం స్టాన్‌కి ఇష్టం. మందు కొలత మాత్రం ఎప్పుడూ ఆయనే చూసేవాడు. ప్రైమరు పని నాది.

ప్రైమరు అంటే కందిబద్దంత బిళ్ళ. పిస్తోలులోని పిన్ను వెళ్ళి కొట్టేది దాన్నే. అది సరిగ్గా కుదురుకోవాలి. కొంచెం పైకి ఉంటే, పిన్ను కొట్టిన దెబ్బ దాన్ని లోపలికి తోయడానికే సరిపోతుంది, పేలదు. అందుకే ప్రతి తూటా అడుగునా వేలికొస ఆనించి తడమాలి. లేసులో ముడి వదులైతే వేలికి తెలుస్తుంది కదా, అలాగే.

ఆ బిళ్ళలు నొక్కే ప్రెస్సు ముందున్న స్టూలు మీద కూర్చుంటే నా కాళ్ళు గాల్లో వేలాడేవి. చేరిన కొత్తలోనే స్టాన్ దాని కాళ్ళు నా ఎత్తుకి కోసేశాడు. మంచి ఓకు చెక్క స్టూలు. "ఇంక ఇది ఎవరికీ పనికిరాదు, నువ్వు ఇక్కడే ఉండాలి" అన్నాడు. నాకు జీవితంలో ఎవరూ కుర్చీ కొలిచి ఇవ్వలేదు. ఆ స్టూలు చూస్తే నాకు గర్వంగా ఉండేది, ఇప్పుడు రాస్తున్నా గర్వంగానే ఉంది.

కృప ఆంటీ పిస్తోలు

షామ్‌బర్గ్‌లో కృప ఆంటీకి ఇండియన్ సరుకుల కొట్టు ఉంది. ఆవిడది రాజోలు, గోదావరికి అటువైపు. నాది ఇటువైపు. కలిస్తే మాటలకి అంతుండదు. ఆవిడ భర్త ఉన్నప్పుడు కొట్టులో ఒకసారి దొంగలు పడ్డారు. ఆ తర్వాత ఆయన పాత జేబు పిస్తోలు ఒకటి కొన్నాడు. తూటా కొలత ముప్పై రెండు క్యాలిబరు, బెల్జియంలో చేసింది. ఆయన పోయాక ఆంటీ తన పేరు మీద కార్డు తీసుకుని, పిస్తోలు ఉంచుకుంది, కొట్టూ ఉంచుకుంది. వెనక వంటిల్లూ ఒక గదీ ఉంటే అక్కడే ఉంటుంది. వారాల తరబడి ఒక్కతే.

నా మాట విని ఆవిడ మా షాపుకి రావడం మొదలుపెట్టింది. ఆవిడకి కావలసిన తూటాలు నేనే చేసేదాన్ని. అప్పుడప్పుడు శనివారం మధ్యాహ్నం మొక్కజొన్న చేల మధ్య క్లబ్బువాళ్ళ మట్టిగట్టు దగ్గరికి వెళ్ళి నాలుగు కాల్చి వచ్చేది, చెయ్యి మరిచిపోకుండా.

ఒక జనవరిలో, బయట ఊపిరి పొగలా కనిపిస్తున్న రోజు, ఆంటీ షాపులోకి వచ్చి పిస్తోలు పెట్టె కౌంటరు మీద పెట్టింది.

"ఏమే సుగుణా, ఇవి నువ్వు చేసినవేనా? క్లిక్కుమంటున్నాయి గానీ ధడేల్‌మనడం లేదు."

"అన్నీనా ఆంటీ?"

"ఒకటి పేలింది, రెండు మొరాయించాయి. నీలాగే వాటికీ మూడ్ ఉండాలి కాబోలు."

నవ్వుతూనే అంది గానీ అవి నా చేతి మీదుగా వెళ్ళిన తూటాలే. స్టాన్ పేలని తూటాల్ని భూతద్దం కింద పెట్టి చూశాడు. ప్రైమరు మీద పిన్ను గుర్తు పడింది, కానీ లోతు లేదు. తర్వాత పిస్తోలు తెరిచి చూసి, "ఈవిడ నూనె బాగా పెడుతుంది" అని మెచ్చుకున్నాడు. ఆయన చూసేవన్నీ ఎండిపోయి తుప్పు పట్టినవే, అందుకని నూనె తళతళలాడుతుంటే ఆయనకి ముచ్చటేసింది. పైపైన తుడిచి, ఖాళీ పిస్తోలు గొట్టంలో ఒక పెన్సిలు రబ్బరు వైపు లోపలికి జారవిడిచి, పైకెత్తి ట్రిగ్గరు నొక్కాడు. పిన్ను దెబ్బకి పెన్సిలు ఎగిరి సీలింగుకి తగిలింది. పిస్తోలు బాగానే ఉందన్నమాట. వెనక ఇసుక పెట్టె ఉంది, పరీక్షకి కాల్చేది అందులోకే. ఆ పేలని రెండు తూటాల్ని అక్కడ మళ్ళీ కాల్చాడు. రెండూ పేలాయి.

ఆంటీ వెళ్ళాక స్టాన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నా వైపు చూశాడు.

"మొదటి దెబ్బకి కుదురుకున్నాయి, రెండో దెబ్బకి పేలాయి. అంటే ఏమిటి, సూ?"

ఆయన నోట సుగుణ పలకదు, సూ అనే పిలుస్తాడు.

"ప్రైమరు పైకి ఉంది" అన్నాను.

"అంతే కదా."

"ప్రతిదీ తడిమాను స్టాన్. దేవుడి తోడు."

"తడిమావు, నాకు తెలుసు. కానీ ఏదో ఒక పూట ఏ వేలైనా అలిసిపోతుంది."

ఆంటీకి అప్పటికే నా తూటాలకి బదులు కంపెనీ తూటాల పెట్టె ఇచ్చి పంపాడు. ఏప్రిల్‌లో ఎండ వచ్చాక ఆవిడ వాటిని తీసుకుని మట్టిగట్టుకి వెళ్ళింది. ఒక్కటీ మొరాయించలేదు. ఆ సంగతి ఫోన్ చేసి సంతోషంగా చెప్పింది, పాపం నాకు సంతోషమే అనుకుని.

స్టూలు లేని రోజులు

స్టాన్ చెడ్డవాడు కాదు. అరవలేదు. స్టూలు తీసి మూలన పెట్టి, "కొన్నాళ్ళు నువ్వు డ్రమ్ము దగ్గర ఉండు" అన్నాడు. డ్రమ్ము అంటే ఇత్తడి గొట్టాలు తోమేది. నిలబడి చేసే పని, మొదటి రోజు నేర్పిన పని.

"ఆవిడ ఒక్కతే కొట్టు చూసుకుంటుంది, సూ. కావలసిన రోజున అది క్లిక్కుమంటే ఏమవుతుందో నేను ఊహించుకోలేను. ఊహించుకోవాలని కూడా లేదు."

నేనూ అదే ఊహించుకుంటున్నాను. నా వేలి తప్పు వల్ల ఆంటీకి ఏమైనా అయితే?

ప్రైమరు పని ఆయనే చేయడం మొదలుపెట్టాడు. వంకర వేళ్ళలోంచి బిళ్ళలు జారి నేల మీద పడేవి. నేను డ్రమ్ము ఆపి వెళ్ళి ఏరి ఇచ్చేదాన్ని. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు. వేసవి చివర్లో ఒకరోజు, "క్రిస్మస్ దాకా చూస్తాను. తర్వాత ఈ చిన్న తూటాల పని మానేద్దాం" అన్నాడు. అది మానేస్తే నాకు స్టూలు ఎప్పటికీ రాదు. స్టూలు సంగతి అటుంచి, ఒట్టి డ్రమ్ము పనికి ఆయనకి ఇంకో మనిషి అక్కర్లేదు.

ఇంటికెళ్ళి ఏడవలేదు. నాకు ఏడుపు కన్నా ముందు సందేహం వస్తుంది. అదే పూట నేను చేసిన తూటాలు ఇంకో పెద్దాయన కూడా పట్టుకెళ్ళాడు, ఆయన దగ్గర ఒక్కటీ ఆగలేదు. ఆ మాట స్టాన్‌తో అంటే, "ఆయన పిస్తోలు స్ప్రింగు గట్టిది, ఎలాంటి ప్రైమరునైనా వాయించేస్తుంది" అన్నాడు. అదీ నిజమే. మరి పెన్సిలు సీలింగు దాకా ఎగిరిన పిస్తోలు మాత్రం మెత్తగా కొట్టిందా? ఇక్కడ బాగా కొట్టి, అక్కడ ఎందుకు కొట్టలేదు? రాత్రి అన్నం కలుపుకుంటూ మా ఆయన్ని అడిగితే, "మనిషికి ఒంట్లో బాగోనప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళగానే నొప్పి పోతుంది చూడు, అలాగేమో" అన్నాడు. ఆయన వేళాకోళంగానే అన్నాడు. కానీ నాకు ఆ మాట పట్టుకుంది. డాక్టరు దగ్గర ఉండేది ఏమిటి, ఇంటి దగ్గర లేనిది ఏమిటి?

వేణ్ణీళ్ళ గిన్నె

నవంబరులో ఆంటీ ఇంట్లో ప్రార్థన కూటం. అందరూ వెళ్ళాక నేను కప్పులు కడుగుతున్నాను. బయట కార్లో మా ఆయన హారన్ కొడుతున్నాడు. పొయ్యి పక్కన ఒక గిన్నెలో వేణ్ణీళ్ళు, అందులో ఒక చిన్న సీసా నిలబెట్టి ఉంది. తెల్లగా గడ్డకట్టిన కొబ్బరినూనె, అంచుల దగ్గర అప్పుడే కరుగుతోంది. మా బాత్రూములోనూ నవంబరు వచ్చిందంటే ఇదే తంతు.

"తలకి రాసుకుంటారా ఆంటీ ఇప్పుడు?"

"తలలో ఏం మిగిలిందే రాసుకోడానికి! దానికి" అని కొట్టు వైపు గడ్డం ఎగరేసింది.

"దేనికి?"

"మీ అంకుల్ పిస్తోలుకి. నెలకోసారి పోస్తా. మా నాన్న కుట్టుమిషనుకి ఇదే పోసేవాడు, తాళం కప్పలకీ ఇదే. ఆ షాపువాళ్ళ నూనె పలచగా నీళ్ళలా ఉంటుంది, దాన్లో ఏం సత్తువుంటుంది?"

నా చేతిలో కప్పు సింకులోకి జారిపోయింది. పగల్లేదులెండి.

"ఆంటీ, పిస్తోలు ఎక్కడ పెడతారు?"

"ఇంకెక్కడే, సొరుగులో. గోడౌన్లో వెనక తలుపు పక్కన."

"అక్కడ హీటరు ఉందా?"

"గోడౌన్లో హీటరేంటే, బియ్యం బస్తాలకి చలేస్తుందా?"

హారన్ మళ్ళీ మోగింది. "ఆయ్, మీ ఆయన వీధంతా లేపేస్తాడు, వెళ్ళు" అంది ఆంటీ. నేను కదల్లేదు. ఆ సీసాలో తెల్లటి గడ్డ చూస్తూ నిలబడ్డాను. సొరుగులో పిస్తోలు లోపల, పిన్ను చుట్టూ కూడా ఇదే గడ్డ. పిన్ను ముందుకు దూకాలంటే మైనంలోంచి ఈదాలి. మా షాపులోనా? స్టాన్ కీళ్ళ నొప్పులకి బల్ల పక్కనే కిరసనాయిలు హీటరు రగులుతూ ఉంటుంది, జనవరిలో కూడా మా ఊరి మే నెలలా. అక్కడికి రాగానే నూనె కరిగి, తళతళలాడుతూ, మెప్పు కూడా కొట్టేసింది. ఏప్రిల్‌లో ఎండకీ కరిగింది. కంపెనీ తూటాలకి ఆ పేరు దక్కింది.

ఫ్రీజరులో పిస్తోలు

మర్నాడు ఆంటీ కొట్టు మూసి, పిస్తోలు పెట్టెలో పెట్టుకుని నాతో వచ్చింది. స్టాన్‌కి నా ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నమ్మలేదు, కానీ నవ్వనూ లేదు. అదే ఆయనలో గొప్ప. "చూద్దాం" అన్నాడు.

తెరిచి, చూసి, తడిమి, ఖాళీదని తేల్చుకున్నాక కాసేపు హీటరు పక్కన పెట్టాడు. పెన్సిలు వేసి నొక్కితే సీలింగుకి తగిలింది. తర్వాత బ్రెడ్డు సంచీలో చుట్టి షాపు ఫ్రిజ్‌లో ఫ్రీజరు అరలో పెట్టాడు. కాఫీ తాగుతూ కూర్చున్నాం.

"నా పిస్తోలు మీద ఐస్‌క్రీము వాసన రాదు కదా?" అంది ఆంటీ.

"వస్తే దొంగ లొట్టలేసుకుంటూ లొంగిపోతాడు" అన్నాడు స్టాన్.

నేను నవ్వలేకపోయాను. నేను అనుకుంటున్నది తప్పైతే క్రిస్మస్‌కి ఈ తలుపు నాకు మూసుకుంటుంది.

స్టాన్ దాన్ని తీశాడు. పెన్సిలు జారవిడిచాడు. పైకెత్తి నొక్కాడు. క్లిక్. పెన్సిలు బద్ధకంగా కొంచెం పైకి లేచి, మళ్ళీ గొట్టంలోకే దిగిపోయింది.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే.

స్టాన్ పిస్తోలు మొత్తం విప్పి పిన్ను బయటికి లాగాడు. దానికి కొవ్వొత్తి మైనంలా తెల్లగా అంటుకుని ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత నా వైపు వంగి, నా తల వాసన చూశాడు. మళ్ళీ పిన్ను. మళ్ళీ నేను.

"జనవరిలో దీన్ని తెరిచినప్పుడు ఈ వాసన వచ్చింది" అన్నాడు నెమ్మదిగా. "నువ్వనుకున్నాను."

"నేనా?"

"నువ్వు చేరిన రోజు నుంచీ నా షాపంతా ఈ వాసనే కదా."

"మరి అడగలేదేం?"

"ఆడపిల్లని పట్టుకుని నీ దగ్గర ఏమిటీ వాసన అని ఎలా అడగను? మా అమ్మ నన్ను అలా పెంచలేదు."

నాకేమో ఆ వాసన అసలు రాలేదు. పుట్టిన దగ్గర్నుంచీ నా తలలో ఉన్నదే, నా ముక్కుకి అది వాసనే కాదు. ఆయనకి వచ్చింది గానీ మర్యాద అడ్డొచ్చింది. ఆ మర్యాదకీ ఈ అలవాటుకీ మధ్య నా పని నలిగిపోయింది. అప్పుడు నాకు కోపం రావాలి, కానీ నవ్వొచ్చింది, ఆపుకోలేనంత.

ఆంటీకి మాత్రం రోషం వచ్చింది. "కొబ్బరినూనెకేం తక్కువండీ? మా నాన్న మిషను నేను పెళ్ళయి వచ్చేదాకా ఒక్కసారి రిపేరుకెళ్ళలేదు."

"మీ నాన్నగారి ఊళ్ళో మంచు పడుతుందా?" అన్నాడు స్టాన్.

"మంచా! మా రాజోల్లోనా!" అని నవ్వబోయి, ఆంటీ ఆగిపోయింది. కుర్చీలో కూర్చుంది. కోటు గుండీలు ఒక్కొక్కటే సర్దుకుంది. "అయితే ఈ చలికాలాలన్నీ... నేను సొరుగు మీద చెయ్యేసుకుని కూర్చున్న రోజులన్నీ..."

"ఇనప ముక్క" అన్నాడు స్టాన్. ఆయనకి అబద్ధాలు చెప్పడం రాదు.

"ఏసయ్యా" అంది ఆంటీ. "మరి నన్ను కాపాడిందెవరంటావే?" అని నన్నడిగింది. నేను ఆవిడ కప్పులో ఇంకాస్త కాఫీ పోశాను.

స్టాన్ పిన్ను చుట్టూ ఉన్నదంతా కడిగి, పలచటి నూనె ఒక్క చుక్క వేసి, బిగించి, మళ్ళీ ఫ్రీజరులో పెట్టాడు. చల్లబడ్డాక తీసి నొక్కితే పెన్సిలు సీలింగుకి తగిలి, తిరిగొచ్చి ఆంటీ ఒళ్ళో పడింది.

నాకు సారీ చెప్పలేదు. మూలకి వెళ్ళి స్టూలు తెచ్చి, తన టోపీతో దాని దుమ్ము దులిపి, ప్రెస్సు ముందు పెట్టాడు. "ఈవిడకి కొత్త తూటాలు కావాలి. ఎవరో ఒకరు చేయాలి కదా" అన్నాడు. నేను కూర్చున్నాను. కాళ్ళు నేలకి సరిగ్గా ఆనాయి.

నేర్చుకున్నది

తర్వాత మా షాపులో పద్ధతి మారింది. అంతకుముందు తుపాకీనే పరీక్షించేవాళ్ళం. తర్వాత మనిషిని కూడా అడగడం మొదలుపెట్టాం. దీన్ని ఎక్కడ పెడతారు, ఎండలోనా చలిలోనా, ఏం రాస్తారు, ఇంకెవరు ముట్టుకుంటారు. కొంతమందికి కోపం వచ్చేది. "తుపాకీ బాగు చేయమంటే నా సంసారం అడుగుతావేంటి?" అని ఒకాయన కసురుకున్నాడు. ఆయన దాన్ని వంటింట్లో పొయ్యి పైన అరలో పెడతాడని తేలింది. ఇంక బాగు చేసేదేముంది, చోటు మార్చమన్నాం.

నా అభిప్రాయం అడిగితే, రిపేరు పనిలో చెడ్డ యజమాని కన్నా మరీ మర్యాదస్తుడితోనే ఎక్కువ ప్రమాదం. చెడ్డవాడు మొహం మీద అడిగేస్తాడు, మనం మొహం మీద చెప్పేస్తాం. అలాగే మన అలవాట్లు మనకి కనపడవు, వాటిని ఇంకొకరి ఇంట్లో చూస్తేనే తెలుస్తాయి. గిన్నెలో ఆ సీసా మా బాత్రూములోనూ రోజూ చూస్తున్నదే. ఆంటీ పొయ్యి పక్కన చూసేదాకా నాకు అది నూనెలా కనిపించింది గానీ, జవాబులా కనిపించలేదు.

పని రోజుల్లో తలకి నూనె మానేస్తానని స్టాన్‌తో అన్నాను. "వద్దు" అన్నాడు. "నీ వాసన ఏదో ఇప్పుడు నాకు తెలుసు. మారిస్తే మళ్ళీ మొదటికొస్తుంది."

కృప ఆంటీ ఇప్పుడు స్టాన్ ఇచ్చిన నూనే వాడుతోంది. మొన్న వీడ్కోలు చెప్పడానికి వెళ్తే, ఆ సీసాని కూడా వేణ్ణీళ్ళ గిన్నెలో నిలబెట్టి ఉంచింది. "ఇది గడ్డకట్టదు ఆంటీ" అంటే, "ఉండనీవే, దాని సొమ్మేం పోయింది" అంది.

నా చోటికి స్టాన్ ఒక అమ్మాయిని పెట్టుకున్నాడు. పేరు లిండా. బాగా పొడుగు. నా స్టూలు మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. కొత్త స్టూలు కొనమని నేనే చెప్పాను. స్టాన్ వినలేదు. నాలుగు చెక్క దిమ్మలు తెచ్చి దాని కాళ్ళ కింద పెట్టాడు.

నా ఆఖరి రోజున ఒకాయన పాత జేబు పిస్తోలు తెచ్చాడు. లిండా దాన్ని గోడ వైపు తిప్పి, తెరిచి, చూసి, తడిమింది. బాగా నేర్చుకుంది. తర్వాత ముక్కు ఎగబీల్చి, నా వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా తల దించుకుంది. పాపం, మర్యాదస్తురాలు.

స్టాన్ అది చూశాడు. కుంటుకుంటూ వచ్చి పిస్తోలు వాసన చూశాడు. కౌంటరు అవతల మనిషి నోరు తెరిచి చూస్తుండగా, వంగి నా తల వాసన చూశాడు.

"సూ కాదు" అన్నాడు లిండాతో. "విప్పు దాన్ని."